పెద్ద నల్లంచి థ్రష్ జాతి పిట్టేనా?

కాదు, పెరటి చెట్ల మీద తెల్లవారకముందే పాట ఎత్తుకునే పెద్ద నల్లంచి, అంటే మ్యాగ్‌పై రాబిన్, ఫ్లైక్యాచర్ అనే మరో పక్షి కుటుంబానికి చెందింది. పాత పుస్తకాల్లో దీన్ని థ్రష్‌లు అనే వేరే పాటపిట్టల కుటుంబంతో కలిపి రాయడం వల్లే ఈ తికమక. అప్పట్లో కాళ్ల తీరు, పిల్లల ఒంటి మీది చుక్కలు చూసి అన్నిటినీ ఒకే కుటుంబం అన్నారు. తర్వాత డీఎన్‌ఏ పోల్చి చూస్తే చుట్టరికం వేరేచోట తేలింది.

పేరును నమ్మితే ఇంకా చిక్కు. పడమటి కనుమల్లో వాగుల పక్కన, ఎవరో కుర్రాడు తీరిగ్గా ఈల వేస్తున్నట్టు పాడే మలబార్ విజిలింగ్ థ్రష్ ఉంది. నల్లటి ఒళ్లు, నుదుటి మీదా భుజాల మీదా నీలి మెరుపు. పేరులో థ్రష్ ఉన్నా అదీ ఫ్లైక్యాచరే. మన దేశంలో అసలైన థ్రష్‌ను చూడాలంటే ఆరెంజ్ హెడెడ్ థ్రష్ ఉంది. తల, రొమ్ము నారింజ రంగులో ఉంటాయి. నీడపట్టున రాలిన ఆకులను ముక్కుతో తిరగేస్తూ పురుగులు ఏరుకుంటుంది.

రాబిన్‌లన్నీ ఒకటే అనుకోవడం మరో పొరపాటు. యూరప్ రాబిన్ ఫ్లైక్యాచర్, అమెరికా రాబిన్ మాత్రం నిజంగానే థ్రష్. రొమ్ము ఎర్రగా కనిపించేసరికి యూరప్ నుంచి వలస వెళ్లినవాళ్లు తమ ఊరి పిట్ట పేరు దానికి పెట్టేశారు.