జంటల జాబితా పక్కన పెట్టండి

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. ఇంగ్లిష్‌లో ఒకేలా వినిపించే పదాలు రెండు వందల జతలు బట్టీ పట్టాను. అయినా మాక్ టెస్టుల్లో ఏది ఏదో తేలక టెన్షన్ పడుతున్నాను. ఏం చేయాలి?

జవాబు: మీ తికమకకు సగం కారణం ఆ జాబితాయే. పోలిక ఉన్న రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి బట్టీ పడితే గుర్తుకొచ్చేటప్పుడూ రెండూ కలిసే వస్తాయి, అర్థాలు తారుమారవుతాయి. ముందు ఒకదాన్నే వాక్యాల్లో వాడండి. అది తడబడకుండా వచ్చాక, ఓ వారం ఆగి రెండోది మొదలుపెట్టండి.

మిగతా సగం మన తెలుగు అలవాటు. చొక్కా 'లూజు'గా ఉందంటాం కదా! ఇంగ్లిష్‌లో వదులుగా ఉన్నదాన్ని 'లూస్' అంటారు, స్పెల్లింగ్‌లో రెండు 'ఓ'లు. 'లూజ్' అంటే పోగొట్టుకోవడం, ఓడిపోవడం, దానికి ఒకే 'ఓ'. మన నోట్లో అవి సరిగ్గా తిరగబడ్డాయి. 'అడ్వైస్' సలహా, 'అడ్వైజ్' సలహా ఇవ్వడం. ఇక 'అడాప్ట్' అని తెలుగులో రాస్తే దత్తత తీసుకోవడమో, పరిస్థితికి తగ్గట్టు మారడమో తెలియనే తెలియదు. రెండోదాన్ని 'బ్యాట్'లోలాగా 'అడ్యాప్ట్' అని పలకండి. ఇలాంటివి డిక్షనరీ యాప్‌లో స్పీకర్ గుర్తు నొక్కి, విని నేర్చుకోవాల్సినవి.

కొన్నిటికి చెవి సాయపడదు. 'ప్రిన్సిపల్' చివర 'ఏఎల్' ఉంటే ప్రధానమైనది, కాలేజీ పెద్ద, అప్పులో అసలు. 'ఎల్ఈ' ఉంటే సూత్రం, నియమం. 'స్టేషనరీ'లో 'ఆర్‌వై'కి ముందు 'ఈ' ఉంటే కాగితాలు, కవర్లు. 'ఏ' ఉంటే కదలకుండా ఉన్నది. తమాషా ఏమిటంటే ఆ రెండిటి మూలం ఒకటే. ఊరూరా తిరక్కుండా ఒకచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలమ్మేవాణ్ని ఒకప్పుడు స్టేషనర్ అనేవారు.

పరీక్షలో అర్థం కంటే ముందు ఖాళీ ఎక్కడుందో చూడండి. 'ఎఫెక్ట్' (ప్రభావం), 'అఫెక్ట్' (ప్రభావం చూపడం) జంటనే తీసుకోండి. 'ది' తర్వాత అయితే నామవాచకం కావాలి, దాదాపు ఎప్పుడూ 'ఎఫెక్ట్'. 'విల్' తర్వాత అయితే క్రియ, ఎక్కువగా 'అఫెక్ట్'. పక్కనే 'చేంజ్' కనిపిస్తే మాత్రం ఆగండి. మార్పు తీసుకురావడం అనే అర్థంలో 'ఎఫెక్ట్' కూడా క్రియే.

రెండు వందల జతలూ అక్కర్లేదు. మాక్ టెస్టుల్లో మీరు తప్పు పెట్టినవే ఓ నోటుబుక్కులో రాసుకోండి, పేజీకి ఒక్క మాట. దాని జంట వేరే పేజీలో, దూరంగా.