పిట్ట ఏ పనిలో ఉందో చూడు

తమ్ముడూ,

నువ్వు పంపిన నంది కొండల వ్యాసం శ్రద్ధగా చదివాను. నీ తెలుగు బాగుంది, ఎక్కడా తడబాటు లేదు. కానీ మంచు గురించి ఒక పేజీ, సూర్యోదయం గురించి ఒక పేజీ రాసి, చివర పాతిక పక్షుల పేర్లు వరసగా పేర్చావు. వాటిలో ఒక్కటైనా ఏం తింటోందో, ఎవరిని తరుముతోందో, ఎందుకు అరుస్తోందో రాయలేదు. పేరు తెలియగానే నీ చూపు ఆగిపోయింది. అసలు చూడటం అక్కడే మొదలు కావాలి.

ఈసారి పిట్ట జోలికి పోకముందు ఒక రాతి తొండను చూడు. నంది, సావనదుర్గ, శివగంగ, బెంగళూరు చుట్టుపక్కల ఏ రాతి కొండ అయినా సరే, ఎండెక్కిన బండ మీద ఉంటుంది. జతకట్టే కాలంలో మగ తొండ ఆడదాని ఎదుట వీపు ఎర్రగా, పక్కలు నల్లగా మార్చుకుంటుంది. ఇంకో మగది ఎదురైతే వీపు పసుపుకు, పక్కలు నారింజకు తిరుగుతాయి. ఇదంతా క్షణాల్లో జరిగిపోతుంది. మన బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) వాళ్లు దీని మీద పరిశోధన కూడా చేశారు. నువ్వు బండకు కాస్త దూరంగా, కదలకుండా కూర్చో. అది ముందు ముంగాళ్ల మీద లేచి తల ఆడిస్తుంది, ఆగుతుంది, మళ్లీ ఆడిస్తుంది. ఎవరికోసం ఆడిస్తోందో వెతుకు. రెండో తొండ కనిపించిందా, నీ వ్యాసం అక్కడ మొదలైనట్టే. 'రంగురంగుల అందమైన తొండ' అని రాస్తే మాత్రం ఆ పేజీ చించెయ్.

పసుపుగొంతు పిగిలిని నీ జాబితాలో ఏడో పేరుగా పడేశావు, అది నాకు బాధ కలిగించింది. దక్షిణ భారతంలోని రాతి గుట్టల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని పిట్ట అది. మన మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండల్లోనూ ఉంది. దానికి బండలూ కావాలి, బండల సందుల్లో పొదలూ కావాలి. గుట్టను కంకర క్వారీకి ఇచ్చేస్తే దాని ఇల్లు పోయినట్టే. నంది కొండ ఎత్తు 1,478 మీటర్లని రాశావు. మంచిదే, కానీ ఆ ఎత్తు కంటే ఆ పొదల సంగతే పాఠకుడికి ఎక్కువ అవసరం. అది బెదురుగొడ్డు పిట్ట, సూర్యోదయం చూడటానికి వచ్చిన జనం దిగిపోయాక పళ్లున్న చెట్టు దగ్గర ఓపిక పట్టు.

రామనగర వెళ్తానన్నావు. అక్కడి రామదేవర బెట్ట అనే కొండను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడ కొండచరియ మీద తెల్లటి చారలు కనిపిస్తే, అవి రెట్టల గుర్తులు. రాబందులు కూర్చునే చోటు అదేనని తెలుసుకోవచ్చు. పక్షి కనపడకపోయినా ఆ చారల గురించి రాయొచ్చు, రాబందులు ఎందుకు తగ్గిపోయాయో కూడా రాయాలి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే మందు కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు చెడి దేశమంతటా కుప్పలుగా చచ్చిపోయాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. ఈ కథ తెలిసినవాడు ఖాళీ ఆకాశాన్ని చూసి 'ప్రశాంతంగా ఉంది' అని రాయలేడు.

గూడు కనిపిస్తే ఎక్కడుందో మాత్రం రాయకు, దగ్గరికి పోయి ఫోటో తీయకు. ఫోన్‌లో కూత వినిపించి పిట్టను రప్పించే అలవాటు నీ స్నేహితులకు ఉందన్నావు. వాళ్లను గట్టిగా వారించు. తన చోటులోకి వేరే మగది వచ్చిందనుకుని ఆ పిట్ట మేత మానుకుని పోరుకు వస్తుంది. అలా రప్పించిన పిట్ట గురించి నువ్వు ఏం రాసినా, అది నీ ఫోన్ చేసిన పని గురించి రాసినట్టే అవుతుంది.

నోట్‌బుక్‌లో సమయం, ఎండా నీడా, చెట్టు, పిట్ట చేసిన పని అక్కడికక్కడే రాసుకో. నీ మనసులో ఏమనిపించిందో ఇంటికొచ్చాక కలుపుకోవచ్చు, చాలాసార్లు కలపక్కర్లేదని నీకే తెలుస్తుంది.

రామనగర నుంచి వచ్చాక రెండు పేజీలు పంపు. పక్షుల పేర్లు రెండు దాటకూడదు.

నీ అన్నయ్య
మల్లేశ్వరం, బెంగళూరు