అబ్బాయి కోపం కోడె వయసుదా, థైరాయిడ్‌దా?

ప్రశ్న: మా బాబుకు 15 ఏళ్లు, పదో తరగతి. చాలా నెమ్మదైన పిల్లాడు. వేసవి సెలవుల తర్వాత మనిషే మారిపోయాడు. పలకరిస్తే కసురుకుంటాడు, తలుపు దబాలున వేసుకుంటాడు, కాసేపటికి వచ్చి ఏడుస్తాడు. రాత్రి ఒంటిగంట దాకా నిద్రపోడు. తిండి మాత్రం రెండింతలు తింటున్నాడు, అయినా చిక్కిపోయి 56 కిలోల నుంచి 49కి వచ్చాడు. చలికాలంలో కూడా ఫ్యాన్ ఐదులో ఉండాల్సిందే. చేతిరాత పాడైందని స్కూల్లో టీచర్లు అంటున్నారు. మా మామగారు పుంజులు పెంచుతారు. ‘కోడె వయసు, దానంతటదే తగ్గుతుందిలే’ అంటారు. మా తోడికోడలేమో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ పరీక్ష చేయించమంటోంది. నాకు 46. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది, నేనూ ఊరికే అరిచేస్తున్నాను. హార్మోన్లు మనిషి బుద్ధిని నిజంగా ఇంతలా మార్చేస్తాయా డాక్టర్ గారూ?
ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

డాక్టర్ సలహా: మారుస్తాయమ్మా. ఎలా మారుస్తాయో తర్వాత చెబుతాను. ముందు మీ ఉత్తరంలో నేను వెనక్కి వెళ్లి మళ్లీ చదివిన రెండు సంగతులు ఉన్నాయి. రెండింతలు తింటూ ఏడు కిలోలు తగ్గడం ఒకటి, చేతిరాత పాడవడం ఒకటి. పదిహేనేళ్ల మగపిల్లాడు బరువు పెరగాలి. టెన్షన్‌తోనో దిగులుతోనో చిక్కిపోయే పిల్లలకు మామూలుగా అన్నం సయించదు. వీడు తింటున్నాడు, అయినా ఒంటికి పట్టడం లేదు. దానికి చలిలోనూ ఉక్కపోత, చిరాకు, నిద్ర పట్టకపోవడం తోడైతే నాకు మొదట వచ్చే అనుమానం థైరాయిడ్ అతిగా పనిచేస్తోందేమోనని. దీన్నే హైపర్‌థైరాయిడిజం అంటాం.

ఉత్తరం చూసి జబ్బు తేల్చేయలేను. కానీ ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే మెదడు హార్మోన్), ఫ్రీ టీ4, టీ3 (థైరాయిడ్ ఊరించే హార్మోన్లు) అని అడగండి. వాటితోపాటు షుగర్ కూడా చూపించండి, ఎందుకంటే బాగా తింటూ చిక్కిపోవడం పిల్లల్లో వచ్చే టైప్-1 షుగర్‌లోనూ ఉంటుంది. దాహం ఎక్కువై, రాత్రిళ్లు మూత్రానికి మళ్లీ మళ్లీ లేస్తున్నాడా? అలాగైతే వారం దాకా ఆగొద్దు, ఈరోజే చూపించండి.

చేతిరాత పాడవడానికి చేతుల వణుకు కారణం కావచ్చు. ఈలోపు ఇంట్లోనే రెండు పనులు చేసి చూడొచ్చు. బాబును రెండు చేతులూ ముందుకు చాచి వేళ్లు విడదీసి ఉంచమనండి. ఆ వేళ్ల మీద నోటుబుక్కులోంచి చింపిన ఒక కాగితం పరచండి. వణుకు కంటికి ఆనకపోయినా కాగితం అంచు పట్టిస్తుంది, గాలికి రావాకు ఊగినట్టు సన్నగా ఊగుతుంది. రెండోది, వాడు గాఢనిద్రలో ఉన్నప్పుడు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, గడియారం చూస్తూ నిమిషంపాటు లెక్కపెట్టండి. భయానికో కోపానికో దడదడలాడే గుండె నిద్రలో నెమ్మదిస్తుంది. థైరాయిడ్ దడ నిద్రలోనూ వదలదు. నిద్రలో కూడా 90 దాటుతుంటే ఆ అంకె రాసుకుని డాక్టరుకు చూపించండి.

కొన్నేళ్ల క్రితం ఒక ఇంటర్ అమ్మాయిని నా దగ్గరికి తెచ్చారు. హాస్టల్లో అందరితో గొడవలు, చదువు మీద ధ్యాస లేదు. అప్పటికే రెండుచోట్ల కౌన్సెలింగ్ అయింది, మెడలో తాయెత్తు కూడా ఉంది. ‘ఈ వయసులో హార్మోన్లు కదండీ’ అన్నారు వాళ్ల నాన్న. ఆయన అన్నది నిజమే. ఏ హార్మోన్ అని మాత్రం అంతవరకూ ఎవరూ అడగలేదు. కూర్చోబెట్టి నాడి చూస్తే 128.

ఇక మీ మామగారి మాటకు వద్దాం. ఆయన్ను తీసిపారేయకండి, హార్మోన్ల శాస్త్రం మొదలైందే పుంజుల దగ్గర. 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త ఆరు పుంజు పిల్లలను పట్టుకున్నాడు. రెండింటికి వృషణాలు పూర్తిగా తీసేశాడు. అవి పెద్దయ్యాక సరిగా కూయలేదు, కొట్లాటకు పోలేదు, పెట్టల వంక చూడలేదు, నెత్తిన తురాయి పాలిపోయి చిన్నదిగానే ఉండిపోయింది. మిగతా నాలుగింటికి వృషణాన్ని ఉన్నచోటు నుంచి విడదీసి కడుపులో వదిలాడు. వాటిలో రెండింటికి తమది కాదు, పక్క పుంజుది పెట్టాడు. ఆ నాలుగూ మామూలు పుంజుల్లాగే కూశాయి, కాలు దువ్వాయి. నరాలు తెగిపోయినా పని జరిగిందంటే, ఏదో ఒకటి రక్తంలో కలిసి మెదడు దాకా వెళుతోందని అర్థమైంది. దానికి హార్మోన్ అన్న పేరు 1905లో గానీ రాలేదు, లండన్‌లో స్టార్లింగ్ పెట్టాడు. టెస్టోస్టెరాన్ అని విడిగా గుర్తించేసరికి ఇంకో ముప్ఫై ఏళ్లు పట్టింది.

విత్తులు కొట్టించిన కోడె నాగలికి ఎలా లొంగుతుందో మన రైతులకు ఈ పరీక్షలేవీ లేకుండానే తెలుసు. ఆలస్యంగా కొట్టించిన ఎద్దుకు పాత పొగరు కొంత మిగిలిపోతుందన్నదీ తెలుసు. దానికి కారణం ఉంది. హార్మోన్లు మెదడు మీద రెండు రకాలుగా పనిచేస్తాయి. పుట్టకముందూ, ఎదిగే వయసులోనూ దారులు వేస్తాయి. పెద్దయ్యాక ఆ దారుల్లో పరుగు పెట్టిస్తాయి. 1959లో అమెరికాలో గినీపిగ్‌ల మీద చేసిన ప్రయోగంలో ఈ తేడా తేలింది. తల్లి కడుపులో ఉండగా టెస్టోస్టెరాన్ తగిలిన ఆడ గినీపిగ్‌లు, పెద్దయ్యాక ఆడ హార్మోన్లు ఇచ్చినా ఆడవాటిలా సరిగా ప్రవర్తించలేదు. మీ వైపు భాషలో చెప్పాలంటే, హార్మోన్ కాలువ నీళ్లలాంటిది. అన్ని చేల పక్కనుంచీ పోతుంది గానీ తూము ఉన్న చేలోకే పారుతుంది. ఆ తూములను మేం రిసెప్టర్లు అంటాం.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. హార్మోన్ ప్రవర్తనను మార్చినట్టే, చుట్టూ జరిగేది హార్మోన్‌నూ మారుస్తుంది. పాట పాడే పిచ్చుకల్లో, పక్క మగపిట్ట తన హద్దులోకి వస్తే ఆ తగువు వల్లనే టెస్టోస్టెరాన్ పెరుగుతుందని చూశారు. ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మీ పెరట్లోనే ఉంటుంది. దూడను వదలగానే ఆవు చేపుతుంది. దూడ మూతి తగలగానే ఆవు మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై, నిమిషం రెండు నిమిషాల్లో పొదుగుకు చేరి పాలు దిగుతాయి. రోజూ తీసే మనిషైతే చెంబు చప్పుడుకే చేపే ఆవులున్నాయి. అదే ఆవు దగ్గరికి కొత్త మనిషి వెళ్లినా, కుక్క మొరిగినా చేపదు. బెదిరినప్పుడు ఊరే అడ్రినలిన్ అడ్డుపడుతుంది. పొదుగులో పాలు అలాగే ఉంటాయి, చుక్క రాదు. ఇంట్లో రోజూ కేకలు, మార్కుల లెక్కలు నడుస్తుంటే పిల్లాడి ఒంట్లోనూ ఇలాంటివి జరుగుతాయి.

మనుషుల్లో టెస్టోస్టెరాన్ పెరిగితే కోపం దానంతటదే పెరుగుతుందా? పుంజుల్లో ఉన్నంత సూటి సంబంధం మనలో లేదు. 1996లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో 43 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లను తీసుకుని, వారిలో కొందరికి వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ పది వారాలపాటు ఇచ్చారు. చాలా పెద్ద మోతాదు అది. కండ బాగా పెరిగింది. కోపంలో, ప్రవర్తనలో తేడా కనిపించలేదు. అందుకే మీ తోడికోడలు చెప్పిన పరీక్ష ఇప్పుడు అక్కర్లేదు. ఈ వయసులో అది ఎలాగూ పెరుగుతూనే ఉంటుంది, పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె. గొంతు మారి, మీసం మొలిచి, వయసుకు తగ్గట్టు ఎదుగుతున్న పిల్లాడికి ఆ రిపోర్టు చూసి చేసేదేమీ లేదు. డబ్బు దండగ.

వయసు వల్ల వచ్చేవి వేరే ఉన్నాయి. నిద్ర తెప్పించే మెలటోనిన్ ఈ వయసులో గంట, గంటన్నర ఆలస్యంగా ఊరుతుంది. పదింటికి పడుకోమంటే నిద్రపట్టకపోవడం కొంతవరకు మొండితనం కాదు. ఫోన్ వెలుగు దాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. పొద్దున్నే ట్యూషన్‌కు లేపితే ఆ కొరత రోజంతా చిరాకుగా బయటపడుతుంది. ఇవన్నీ మీ బాబులోనూ ఉండి ఉండొచ్చు. కానీ వీటివల్ల ఏడు కిలోలు తగ్గరు. మామగారిని ఒక్క మాట అడగండి, బాగా మేస్తూ బరువు పడిపోయిన పుంజును ఆయన వయసు అని వదిలేస్తారా?

థైరాయిడ్ మెదడును ఎందుకు కుదిపేస్తుందంటే, ఆ హార్మోన్ పనిచేయని చోటు ఒంట్లో దాదాపు లేదు. 1912లో గుడర్‌నాచ్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు గుర్రం థైరాయిడ్ ముక్కలు తినిపిస్తే, ఎదగాల్సినంత ఎదగకుండానే తోకలు పోయి చిట్టి కప్పలైపోయాయి. పాచి తినే జీవిని పురుగులు పట్టే జీవిగా మార్చే హార్మోన్ అది. మనలో పాపాయి మెదడు ఎదగాలన్నా అదే కావాలి. అందుకే పుట్టిన కొద్దిరోజుల్లోనే మడమ నుంచి రక్తపు చుక్క తీసి థైరాయిడ్ చూడమంటాం. ఇక పెద్దపిల్లల్లో అది ఎక్కువైతే గుండె, నరాలు అడ్రినలిన్‌కు మరీ తొందరగా స్పందిస్తాయి. చిన్నమాటకే ఉలిక్కిపాటు, కోపం, వెంటనే ఏడుపు. పిల్లాడికి తనకేం జరుగుతోందో తెలియదు, నేను చెడ్డవాణ్ని అయిపోయాను అనుకుంటాడు. ఈ పిల్లలు చాలామంది నాతో అనే మాట ఇదే.

పరీక్షలో టీఎస్‌హెచ్ బాగా తక్కువగా, టీ4, టీ3 ఎక్కువగా వస్తే ఎండోక్రైనాలజిస్ట్‌కు, అంటే హార్మోన్ల డాక్టరుకు చూపించండి. ఈ వయసులో ఎక్కువగా కనిపించేది గ్రేవ్స్ వ్యాధి. ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున థైరాయిడ్‌ను రెచ్చగొడుతుంది. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉంటే డాక్టరుకు చెప్పండి. కార్బిమజోల్ లేదా మెథిమజోల్ మాత్రలు రాస్తారు. దడ, వణుకు తగ్గడానికి మొదట్లో ప్రొప్రనొలాల్ కూడా ఇస్తారు, ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. వణుకు కొన్ని రోజుల్లో తగ్గుతుంది, స్వభావం కుదుటపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మందు కనీసం రెండేళ్లు వాడాల్సి రావచ్చు, తగ్గిందని మధ్యలో మీరే ఆపొద్దు. ఒక్క సందర్భంలో మాత్రం ఆపాలి. కార్బిమజోల్ లేదా మెథిమజోల్ వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు వస్తే ఆ మాత్ర ఆపేసి అదే రోజు రక్తకణాల పరీక్ష చేయించాలి. తెల్లకణాలు పడిపోవడం అరుదే గానీ ప్రమాదం. మందు ఉన్నా లేకున్నా, జ్వరంతోపాటు గుండె విపరీతంగా కొట్టుకుంటూ, వాంతులు, పొంతన లేని మాటలు మొదలైతే నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

పరీక్షలన్నీ మామూలుగా వస్తే? అప్పుడు పిల్లల డాక్టరు దగ్గర బరువు ఎందుకు తగ్గిందో మిగతా కోణాల్లో చూడాలి. స్నేహితులు, స్కూలు, ఏమైనా అలవాట్లు, వీటి గురించి డాక్టరును వాడితో ఒంటరిగా మాట్లాడనివ్వండి, మీరు బయట కూర్చోండి. చనిపోతానన్న మాట ఎప్పుడైనా నోట వస్తే థైరాయిడ్ రిపోర్టు కోసం ఎదురుచూడకుండా మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మీ సంగతి చివర్లో ఒక్క ముక్కలో రాశారు, అమ్మలందరూ అంతే. 46 ఏళ్లకు నెలసరి ఇలా దూరం జరుగుతోందంటే మెనోపాజ్ ముందు దశలో ఉండి ఉంటారు. ఈ దశలో ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ నెమ్మదిగా దిగదు, ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, ఆ కుదుపులకు మెదడులో నిద్రను, ఒంటి వేడిని చూసే భాగాలు తడబడతాయి. రాత్రి చెమటలు పట్టి రెండుసార్లు లేచిన మనిషికి పొద్దున్నే ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? ఈ వయసులో దీనికోసం హార్మోన్ పరీక్షలు వరసపెట్టి చేయించుకోనక్కర్లేదు, లక్షణాలు వింటే గైనకాలజిస్ట్‌కు తెలిసిపోతుంది. అవసరమైతే మందులున్నాయి, భరించాల్సిన పనేమీ లేదు. రక్తస్రావం మరీ ఎక్కువైనా, మధ్యమధ్యలో కనిపించినా ఆలస్యం చేయొద్దు.

బాబుతోపాటు మీరు కూడా టీఎస్‌హెచ్ చేయించుకోండి, మీ లక్షణాలు కూడా థైరాయిడ్‌వి కావచ్చు. జుట్టు ఊడుతోందని మీ ఇద్దరిలో ఎవరైనా బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపి ల్యాబుకు వెళ్లండి. ఆ మాత్ర వల్ల లేని హైపర్‌థైరాయిడ్ ఉన్నట్టు రిపోర్టులో చూపిస్తుంది.