లాంగియర్‌బ్యెన్ వచ్చేముందు ఒక్కమాట

"అక్కా, అక్కడికి వీసా అక్కర్లేదట కదా, టికెట్ కొనుక్కుని వచ్చేయనా?"

నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇలా అడుగుతున్నారు. ఒకరు జర్మనీలో ఎమ్మెస్ అయిపోయి ఉద్యోగం దొరకనివాళ్లు, ఇంకొకరు ఖమ్మంలో కూర్చుని ఏదో వీడియో చూసినవాళ్లు. విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను స్వాల్బార్డ్ దీవుల్లోని లాంగియర్‌బ్యెన్‌కు 2015 ఆగస్టులో వచ్చాను. హోటల్లో గదులు సర్దే పనితో మొదలుపెట్టి ఇప్పుడు రిసెప్షన్‌లో ఉన్నాను. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఇక్కణ్నుంచి ఉత్తర ధ్రువం 1,300 కిలోమీటర్లు. జనాభా రెండున్నర వేలకు అటూ ఇటూ, అంటే మనవైపు ఓ మాదిరి పల్లెటూరంత.

వీసా అక్కర్లేదన్నమాట నిజమే. 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో ఒక ఒప్పందం కుదిరింది. ఈ దీవులు నార్వేవి, అయితే సంతకం పెట్టిన దేశాల వాళ్లంతా వచ్చి వేటాడుకోవచ్చు, గనులు తవ్వుకోవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు అన్నారు. అప్పటికి బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్న ఇండియా కూడా అందులో ఉంది. ఆ పుణ్యాన ఇవాళ ఎవరొచ్చినా ఇక్కడ వీసా అడగరు. సరే, మరి వచ్చేదెలా? విమానం ఆస్లో నుంచో ట్రోమ్సో నుంచో ఎక్కాలి. అవి నార్వే ఊళ్లు, షెంగెన్ (ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల జట్టు) లోపల, మేము షెంగెన్ బయట. అంటే ఇక్కడ దిగినవాడు షెంగెన్ దాటి వచ్చేసినట్టే. తిరిగి ఇండియా వెళ్లాలంటే మళ్లీ ఆ గడప తొక్కాలి. అందుకని కనీసం డబుల్ ఎంట్రీ వీసా ఉండాల్సిందే.

ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు, పడి తెలుసుకున్నది. నా మొదటి వీసా ఫారం నింపిన ఏజెంటు సింగిల్ ఎంట్రీ దగ్గర టిక్ పెట్టాడు. నేనూ చూసుకోలేదు. వచ్చిన ఏడాదే మా చెల్లి పెళ్లి కుదిరింది. ఇక్కణ్నుంచి కాగితాలు పెట్టుకుని, అది వచ్చేలోపు పెళ్లీ అయిపోయింది, పదహారు రోజుల పండగా అయిపోయింది. జర్మనీ, పోలండ్ పర్మిట్ చేతిలో ఉన్నవాళ్లు "మాకేం, దర్జాగా వచ్చేస్తాం" అంటారు. రండి. ఆ పర్మిట్ గడువు అయిపోయే తేదీ మాత్రం క్యాలెండర్లో ఎర్రసిరాతో చుట్టి పెట్టుకోండి. ఇంకోటి, ఇక్కడ పదేళ్లున్నా నార్వేలో పర్మనెంట్ రెసిడెన్సీకి అది లెక్కలోకి రాదు. యూరప్‌కి దొడ్డిదారి అనుకుని వచ్చేవాళ్లు చదవడం ఇక్కడితో ఆపేయొచ్చు.

అసలు సంగతి ఇల్లు.

మా నాన్న ఇల్లెందులో బొగ్గు బాయి (గని) పని చేశాడు. సింగరేణి ఇళ్లల్లో పుట్టినవాళ్లకు ఈ ఊరు సగం చెప్పకుండానే అర్థమవుతుంది. మనదగ్గర బొగ్గు తవ్వడం 1889లో మొదలైంది. ఇక్కడ జాన్ మన్రో లాంగియర్ అనే అమెరికన్ 1906లో ఆర్కిటిక్ కోల్ కంపెనీ పెట్టి ఊరు కట్టాడు. ఊరికి ఆయన పేరే. 1916లో స్టోర్ నోర్స్కె అనే నార్వే కంపెనీ దాన్ని కొనుక్కుంది. అక్కణ్నుంచి ఇళ్లు కంపెనీవి, కొట్టు కంపెనీది, క్యాంటీన్ కంపెనీది. చివరికి నోట్లు కూడా కంపెనీ అచ్చేసినవే, 1980 దాకా చెలామణీ అయ్యాయి. మా నాన్నకు ఫోన్లో ఇది చెబితే "అయితే జీతం మళ్లీ వాళ్ల గల్లాపెట్టెలకే పోతదన్నమాట" అని నవ్వాడు.

బొగ్గు మోసిన రోప్‌వే కర్ర స్తంభాలు ఇప్పటికీ కొండ పక్కన వరసగా నిలబడి ఉన్నాయి. 1943 సెప్టెంబరులో జర్మన్ యుద్ధనౌకలు వచ్చి ఊరిని కాల్చేశాయి. అప్పుడు రెండో నంబరు గనికి నిప్పంటుకుంది. బొగ్గు అంటుకుంటే ఎంతకాలం రగులుతుందో మనవాళ్లకు చెప్పక్కర్లేదు, అదీ ఏళ్ల తరబడి రగిలింది. ఇక్కడి నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో న్యీ ఓలెసుండ్ అని ఇంకో బొగ్గు ఊరు ఉండేది. 1962 నవంబరు 5న గనిలో పేలుడు జరిగి 21 మంది పోయారు. ఆ గొడవ మీద మరుసటేడు నార్వే ప్రభుత్వమే దిగిపోయింది. గని మూశాక ఆ ఊరు పరిశోధనల ఊరైంది. మన దేశం 2008 జులై 1న పెట్టిన 'హిమాద్రి' కేంద్రం అక్కడే ఉంది.

మా ఊళ్లో విద్యుత్ కేంద్రం 2023లో బొగ్గు వదిలి డీజిల్‌కు మారింది. ఆఖరిది, ఏడో నంబరు గని, 2025 వేసవిలో మూతపడింది. ఆరోజు మా హోటల్ బయట ముసలి కార్మికులు కొందరు మాట్లాడకుండా నిలబడ్డారు. ఏ ఊరి బాయి మూసినా మనుషులు నిలబడే తీరు ఒకటే.

బొగ్గు పోయింది గానీ కంపెనీ అలవాటు పోలేదు. ఇవాళ్టికీ ఇళ్లల్లో చాలామటుకు ఏదో ఒక యాజమాన్యానివే. ఉద్యోగంతో ఇల్లొస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. క్వార్టర్ ఖాళీ చెయ్యమన్న కాగితం వస్తే ఇంట్లో ఎట్లా ఉంటుందో తెలిసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, చేతిలో ఉద్యోగం కాగితం, అందులో ఇంటి సంగతి రాసి ఉంటే తప్ప విమానం ఎక్కొద్దు. "ముందు వెళ్లి తర్వాత వెతుక్కుంటా" అంటే ఇక్కడ కుదరదు. 2015 డిసెంబరు 19న సుక్కెర్‌టోపెన్ కొండ మీంచి మంచు జారి పదకొండు ఇళ్లను తోసేసింది, ఇద్దరు పోయారు. నేను వచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఊరు ఊరంతా పారలు పట్టుకుని పరుగెత్తింది. తర్వాత ఆ కొండ కింది ఇళ్లు చాలా కూల్చేశారు. అసలే లేని ఇళ్లు ఇంకా కరువయ్యాయి.

నిరుద్యోగ భృతి, సాంఘిక సాయం లాంటివి ఇక్కడ మనకు లేవు. మనల్ని మనం పోషించుకోలేకపోతే పంపించేసే అధికారం గవర్నర్‌కు ఉంది. పన్ను నార్వే కంటే బాగా తక్కువ, వ్యాట్ లేదు. అందుకే నాలుగు డబ్బులు మిగులుతాయి. ఓటు విషయం కూడా చెప్పాలి. 2019లో ఊరి కౌన్సిల్ ఎన్నికల్లో నేను ఓటు వేశాను. 2022లో చట్టం మారింది. విదేశీయులు నార్వే ప్రధాన భూభాగంలో మూడేళ్లు ఉండి ఉంటేనే ఓటు. నేను పన్ను కట్టేది ఇక్కడ, నాకు ఓటు లేనిదీ ఇక్కడే.

చీకటి గురించి అందరూ భయపడతారు. అక్టోబరు చివర్లో సూర్యుడు దిగిపోతే ఫిబ్రవరి మధ్యదాకా రాడు. కొండలు అడ్డం కాబట్టి ఊళ్లోకి ఎండ వచ్చేసరికి మార్చి 8. ఆరోజు పాత ఆసుపత్రి మెట్ల దగ్గర చేరి పిల్లలూ పెద్దలూ సూర్యుణ్ని పిలుస్తారు. నన్నడిగితే చీకటి కంటే వేసవే కష్టం. ఏప్రిల్ మూడోవారం నుంచి ఆగస్టు మూడోవారం దాకా అస్తమించడు. రాత్రి పదకొండింటికి పిల్లాడు "ఇంకా ఎండగానే ఉందిగా" అని ఆటకు పోతానంటాడు. కిటికీకి నల్లని మందపాటి తెర ముందు కొనండి, తర్వాతే మంచం.

పిల్లాడంటే గుర్తొచ్చింది, ఇక్కడ కాన్పులు చెయ్యరు. ఆసుపత్రి చిన్నది. నెలలు నిండడానికి మూడు వారాల ముందే ట్రోమ్సో వెళ్లిపోవాలి. మావాడు అక్కడే పుట్టాడు. దానికీ చెల్లే వీసా ఉండాలని వేరే చెప్పాలా?

"అక్కడ చచ్చిపోవడం నేరమటగా?" కాదు. నేల లోపల ఎప్పుడూ గడ్డకట్టి ఉంటుంది, పాతినవి కుళ్లవు, మెల్లగా పైకొస్తాయి. అందుకని శవపేటికలు పాతడం ఎప్పుడో ఆపేశారు. అస్థికలైతే అనుమతితో పెట్టుకోవచ్చు. దహనం అలవాటున్న మనకిదేం ఇబ్బంది కాదు. 1918లో స్పానిష్ ఫ్లూతో పోయిన ఏడుగురు కుర్ర కార్మికుల సమాధులు ఇక్కడున్నాయి. 1998లో ఆ వైరస్ దొరుకుతుందేమోనని తవ్వి చూశారు గానీ శవాలు అనుకున్నంత లోతున లేక ఆశ తీరలేదు.

ఎలుగుబంట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఊరి హద్దు బోర్డు దాటితే వాటిని బెదిరించే సాధనం లేకుండా తిరగకూడదు, తుపాకీ ఉంటే మంచిది. అది రానివాళ్లు వచ్చినవాళ్లతో వెళ్లండి. సెల్ఫీ కోసం దగ్గరికి వెళితే జరిమానా, అదీ అదృష్టం బాగుంటే.

చెప్పులు గుమ్మం బయట విప్పడం మనకు నేర్పక్కర్లేదు. ఇక్కడ హోటల్లో, మ్యూజియంలో కూడా విప్పాల్సిందే. బొగ్గు మసి బూట్లు బయట వదిలే రోజుల నుంచి వచ్చిన అలవాటు. నేను ఈ ఊరికి మొదట అలవాటు పడింది ఆ గుమ్మం దగ్గరే.

తిండికి థాయ్ వాళ్ల పుణ్యం. ఫిలిప్పీన్స్ వాళ్లూ థాయ్ వాళ్లూ ఇక్కడ బాగా ఎక్కువ, కాబట్టి బియ్యం, పచ్చిమిర్చి, కొత్తిమీర దొరుకుతాయి. కరివేపాకు, గోంగూర మీద ఆశ వదులుకోండి. తమాషా ఏంటంటే, విమానాశ్రయం పక్క కొండలో ప్రపంచ విత్తనాల ఖజానా ఉంది, 2008 ఫిబ్రవరిలో తెరిచారు. మైనస్ 18 డిగ్రీల్లో విత్తనాలు దాస్తారు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నుంచి వచ్చిన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ అక్కడ భద్రంగా ఉన్నాయి. లోపలికి ఎవర్నీ పంపరు, ద్వారం దాకా వెళ్లి చూడొచ్చు. మా కందులు కొండలో ఉన్నాయి, నేనేమో ఆస్లో నుంచి తెప్పించిన కందిపప్పు లెక్కపెట్టి వండుకుంటున్నాను.

పై మాటలన్నీ విన్నాక కూడా వస్తామంటే, ఉద్యోగం కాగితం ఫొటో తీసి నాకు పంపండి, ఇంటి షరతు చదివి చెబుతాను. ఇల్లెందు, కొత్తగూడెం వైపు నుంచి బయల్దేరేవాళ్లు కారం ఎక్కువ తెచ్చుకోండి. అందులో అరకిలో నాది.