ఇంటి సాకెట్ మీద నడిచే 200 ఆంప్స్ డీసీ టిగ్ వెల్డింగ్ మెషీన్ కొన్నాను, టంగ్‌స్టన్ కరిగిపోతోంది, అల్యూమినియం అతకడం లేదు. లోపం మెషీన్‌దేనా?

మీది ఇంటి సాకెట్ మీద నడిచే డీసీ మెషీన్ అన్నారు కాబట్టి ముందు టార్చ్ (ఆర్క్ ఇచ్చే టంగ్‌స్టన్ కడ్డీని పట్టుకునే చేతి పిడి) కేబుల్ ఎటు తగిలించారో చూడండి. నేనూ అక్కడే బోల్తా పడ్డాను. రాడ్ వెల్డింగ్ అలవాటు కొద్దీ, హోల్డర్‌లాగే టార్చ్‌ని కూడా ప్లస్‌కి పెట్టాను. ఆర్క్ వెలగడమే ఆలస్యం, నున్నగా చెక్కుకున్న మొన కరిగి పూసలా తయారైంది. మూడు టంగ్‌స్టన్లు పోయాక గానీ బుర్ర వెలగలేదు. డీసీలో టార్చ్ మైనస్‌కి, ఎర్త్ క్లాంప్ (అతికే ముక్కకి తగిలించే క్లిప్పు) ప్లస్‌కి ఉండాలి. అప్పుడే వేడిలో ఎక్కువ భాగం అతికే ముక్క మీదికి వెళ్తుంది. తిరగేస్తే టంగ్‌స్టన్ నెత్తిన పడుతుంది.

అల్యూమినియం విషయంలో తప్పు మీదీ కాదు, మెషీన్‌దీ కాదు. ఆ లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఆ పొరను చెదరగొట్టేది ఏసీ కరెంటు. మీ మెషీన్‌లో అది లేదు కాబట్టి స్టీలు, స్టెయిన్‌లెస్‌తో సరిపెట్టుకోవాల్సిందే.

ఇక 200 అన్న అంకె. దాన్ని చూసే నేనూ మురిసిపోయాను. లేబుల్ మీద డ్యూటీ సైకిల్ చూడండి. 200 దగ్గర 30 శాతం అని ఉంటే, పది నిమిషాల్లో మూడు నిమిషాలే పని, మిగతా ఏడూ విశ్రాంతి. నాకు మెషీన్ కంటే ముందు టార్చే చేతులెత్తేసింది. గాలికి చల్లబడే 17 నంబర్ టార్చ్ మామూలుగా 150 ఆంప్స్‌కి మించి తట్టుకోదు. హ్యాండిల్ పట్టుకోలేనంత కాలింది. సాకెట్ సంగతీ అంతే. 200 ఆంప్స్ ఆర్క్‌కి సుమారు 18 వోల్టుల లెక్కన 3.6 కిలోవాట్లు కావాలి, మెషీన్‌లో పోయే నష్టం అదనం. 230 వోల్టుల 16 ఆంప్స్ సాకెట్ మొత్తం ఇవ్వగలిగిందే 3.7. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు కూడా ఉంటే చెప్పనక్కర్లేదు.

అలాగని టెన్షన్ పడకండి. స్టీలుకి మిల్లీమీటరుకి 40 ఆంప్స్ చొప్పున మొదలుపెట్టుకోవచ్చు. 3 ఎంఎంకి 120 చాలు, ఇంటి పనికి అంతకంటే మందం నాకు అరుదుగా తగిలింది.

గ్యాస్ మాత్రం స్వచ్ఛమైన ఆర్గానే. మిగ్‌కి (తీగ దానంతటదే వచ్చే వెల్డింగ్‌కి) వాడే కార్బన్ డయాక్సైడ్ కలిపిన సిలిండర్ తగిలించినా టంగ్‌స్టన్ ఇలాగే పాడవుతుంది. ఫ్లో నిమిషానికి ఏడెనిమిది లీటర్లు ఉంచండి. బీడ్‌లో (అతుకు గీతలో) చిల్లులు పడుతున్నాయని నేను ఒకసారి ఇరవైకి పెంచాను, చిల్లులు ఇంకా ఎక్కువయ్యాయి. గ్యాస్ సుడులు తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుందని తర్వాత తెలిసింది. ఫ్యాన్ ఆపండి, కానీ గది తలుపులు మూసేయకండి. ఆర్గాన్ గాలి కంటే బరువు, మూసిన గదిలో ఆక్సిజన్‌ని నెట్టేస్తుంది.

ముందు 2 ఎంఎం ముక్కను తళతళలాడేలా గ్రైండ్ చేసి, 1.6 ఎంఎం టంగ్‌స్టన్‌తో 80 ఆంప్స్ దగ్గర వేసి చూడండి. ఆర్క్ ఆపాక గ్యాస్ ఆగేదాకా టార్చ్‌ని కదపకండి. అప్పటికీ మొన కరుగుతుంటే టార్చ్ నంబరు, సిలిండర్ మీద రాసి ఉన్నది ఇక్కడ పెట్టండి, చూద్దాం.