ఏఐ రాసిన కోడ్‌ని నమ్మొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది నల్లగొండ. బత్తాయి కమీషన్ దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తుంటా. ఏఐ అసిస్టెంట్ చకచకా కోడ్ ఇస్తోంది. చదవకుండా వాడొచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఆఫీసులో నేనూ రోజూ వాడుతున్నా, ఫారాలు, టెస్టులు (కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే చిన్న ప్రోగ్రాములు) రాసే చాకిరీ చాలా తగ్గింది. డబ్బు లెక్కలొచ్చేసరికి మాత్రం ప్రతి లైనూ చదువుతా. మొన్న రూపాయలను ఫ్లోట్‌లో, అంటే దశాంశ సంఖ్యలను ఉజ్జాయింపుగా దాచే రకంలో, పెట్టి ఇచ్చింది. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపి చూడు, 0.30000000000000004 వస్తుంది! పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా దాచమంటే వెంటనే సరిచేసింది. కమీషన్, హమాలీ పోను రైతు చేతికి ఎంత రావాలో ముందు నువ్వే కాగితం మీద లెక్క వేయి, ఆ అంకెతోనే టెస్టు రాయి. రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు దానికి అస్సలు ఇవ్వకు, ఉత్తుత్తి పేర్లు, నంబర్లు పెడితే చాలు.