మందు మానినవాళ్ల మీటింగుకు మా ఆయనను ఎలా పంపాలి?

ప్రశ్న: మా ఆయన మిర్చి యార్డులో గుమాస్తా. చాలా ఏళ్లుగా తాగుతున్నారు. డీఅడిక్షన్ సెంటరులో నెల రోజులు ఉంచి తీసుకొచ్చాం కానీ, ఇంటికొచ్చిన మూడు వారాలకే మళ్లీ రోజూ తాగడం మొదలైంది. ఈసారి చికిత్సతో పాటు ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు కూడా పంపమని డాక్టరుగారు చెప్పారు. ఆ మీటింగులు చర్చి ఆవరణలో జరుగుతాయని విని, మతం మారుస్తారేమోనని మా అత్తగారు భయపడుతున్నారు. తెలిసినవాళ్లు చూస్తే పరువు పోతుందని ఆయన అంటున్నారు. అసలు అక్కడ ఏం జరుగుతుంది? నేను వెంట వెళ్లవచ్చా?
- పేరు వేయవద్దన్న పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మీటింగు సంగతికి ముందు ఒక హెచ్చరిక. రోజూ తాగే మనిషి చేత ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం చేయకండి. ఆఖరిసారి తాగిన తర్వాత మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి లేనివి కనిపిస్తున్నాయని కేకలు వేసే స్థితి రావచ్చు, అది ప్రాణం మీదికి కూడా వస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి మద్యం, కల్లు దొరకకుండా పోయినప్పుడు హైదరాబాదులోని ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటి రోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. కాబట్టి ఆ మొదటి రోజులు డాక్టరు పర్యవేక్షణలోనే గడవాలి. మీటింగు చికిత్సకు బదులు కాదు, చికిత్స ముగిసిన తర్వాత మనిషిని నిలబెట్టేది.

ఆ నిలబెట్టడం ఎలాగన్నది ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం పుట్టుకలోనే ఉంది. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో తాగుడుతో చితికిపోయిన ఇద్దరు, ఒకరు షేర్ల వ్యాపారంలో ఉన్నవారు, మరొకరు సర్జన్, ఒకరి బాధ ఒకరు చెప్పుకుంటూ తాగకుండా ఉండగలిగారు. నేటికీ అక్కడ జరిగేది అదే. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఒక గదిలో కుర్చీలు వేసుకుని కూర్చుంటారు, ఒక్కొక్కరు తన పేరు చెప్పి ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని మొదలుపెట్టి, జీతం రాగానే నేరుగా వైన్ షాపుకు వెళ్లిన రోజులు, పిల్లల ఫీజు డబ్బు తాగేసిన రోజులు, ఇప్పుడు సాయంత్రం ఆరయ్యేసరికి కాళ్లు ఎటు లాగుతున్నాయో, ఆ గంట ఎలా దాటించారో చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డుపడరు, సలహాలు ఇవ్వరు. జీవితాంతం తాగనని ఒట్టు వేయమనరు, ఈ ఒక్క రోజు తాగకుండా ఉండమంటారు. భార్య, తల్లి, డాక్టరు ఎంత చెప్పినా లోపలికి వెళ్లని మాట, తనలాగే పడిలేచిన మనిషి నోట వింటే వెళుతుంది. మీ ఆయన మొదటి రోజు నోరు విప్పకపోయినా ఫరవాలేదు, విని వస్తే చాలు.

మీ అత్తగారికి చెప్పండి: ఆ సంఘానికి ఏ మతంతోనూ సంబంధం లేదు. గది దొరికినచోట మీటింగు పెట్టుకుంటారు, అది చర్చి హాలు కావచ్చు, బడి కావచ్చు, ఆసుపత్రి కావచ్చు. తాగుడు నుంచి బయటపడడానికి వారు పాటించే పన్నెండు సూత్రాల్లో, అంటే ‘పన్నెండు మెట్ల’లో, దేవుడి ప్రస్తావన ఉన్న మాట నిజమే, అయితే ఆ దేవుణ్ణి ఎవరికి అర్థమైన రీతిలో వారు తలచుకోవచ్చని ఆ మెట్లలోనే రాసి ఉంది. సభ్యుడు కావడానికి తాగుడు మానాలన్న కోరిక తప్ప వేరే అర్హత అక్కరలేదు. ఫీజు లేదు, చివర్లో తిప్పే సంచిలో సభ్యులు తోచినంత వేస్తారు. మీటింగు పేరు చెప్పి వేలకు వేలు అడిగినా, మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తామన్నా అది ఈ సంఘం కాదని గుర్తించండి.

పరువు విషయానికి వస్తే, తాగి రోడ్డు మీద పడినప్పుడు ఊరంతా చూసిందేగా, మానడానికి వెళ్లినప్పుడు చూస్తే పోయేదేమిటి? అయినా ఆయన భయాన్ని కొట్టిపారేయనవసరం లేదు. అక్కడ ఇంటిపేరు, ఉద్యోగం అడగరు, అక్కడ చూసినవారి గురించి, విన్న మాటల గురించి బయట చెప్పకూడదన్నది వారి గట్టి నియమం.

చిరునామా కోసం ముందుగా ఆ డాక్టరుగారినే అడగండి, లేదా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో విచారించండి. సంఘం ఇండియా వెబ్‌సైటులోనూ వివరాలు దొరుకుతాయి. చికిత్స కేంద్రాల సమాచారానికి 14446 అనే జాతీయ ఉచిత నంబరు ఉంది. సంఘం గ్రూపు నంబరు దొరికాక మీరు కాక ఆయన చేతనే ఫోను చేయించండి. అవతల ఎత్తేది సాధారణంగా తాగుడు మానిన సభ్యుడే, ఇంటికి వచ్చి మాట్లాడేవారూ, మొదటిసారి వెంటబెట్టుకుని తీసుకెళ్లేవారూ ఉన్నారు. తెలుగులో మాట్లాడుకునే గ్రూపు ఏదో అప్పుడే అడగాలి. దగ్గరలో లేకపోతే వీడియో మీటింగులు ఉన్నాయి.

మీరు వెళ్లవచ్చా అన్నారు. ఓపెన్ మీటింగు అయితే నిరభ్యంతరంగా వెళ్లవచ్చు, క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవారికి మాత్రమే. కానీ మీకంటూ 1951లో మొదలైన అల్-అనాన్ అనే కుటుంబ సభ్యుల సంఘం ఉంది. ఆయన మీటింగుకు రానన్నా మీరు అక్కడికి వెళ్లండి. సీసాలు వెతకడం, ఆయన తరఫున యార్డుకు ఫోను చేసి జ్వరమని చెప్పడం, అప్పులు తీర్చడం, వీటిలో ఏది ఆపాలో, ఎలా ఆపాలో అదే బాధ పడిన స్త్రీల దగ్గర తెలుస్తుంది. ఆయన మీటింగుకు వెళ్లి వచ్చాక మాత్రం ఎవరెవరు వచ్చారు, నువ్వేం చెప్పావు అని అడగవద్దు. నాలుగు మీటింగుల తర్వాత మళ్లీ తాగితే, ‘ఇంక దండగ’ అనకుండా ఐదోదానికి పంపండి, అక్కడ ఆయన కుర్చీ ఆయనకు ఉంటుంది.